తెలిసిన పనికీ జాబితా ఎందుకు? జేఆర్‌డీ టాటా జీవితాన్ని అడుగుదాం

నంద్యాల నుంచి కర్నూలు వెళ్లే దారిలో ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్‌ను మీరు చూసే ఉంటారు. 2021 మార్చి 25న ప్రారంభించారు, 28 నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. మన ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడ నుంచి లేచిన నరసింహారెడ్డి పేరే దానికి పెట్టారు. అక్కడ విమానం ఎక్కినా, బయటి నుంచి చూసినా, ఒక పని మాత్రం మన కంటికి కనిపించదు. అది కాక్‌పిట్ తలుపు వెనకాల జరుగుతుంది.

టేకాఫ్‌కి ముందు ఒక పైలట్ చిన్న జాబితా పైకి చదువుతారు. రెండో పైలట్ ఒక్కో అంశాన్నీ కళ్లతో చూసి, అది ఏ స్థితిలో ఉందో జవాబు చెబుతారు. ల్యాండింగ్‌కి ముందు మళ్లీ ఇదే తంతు. ఆ జాబితా వాళ్లకేం కొత్త కాదు. నిన్న చదివారు, ఈరోజు పొద్దున చదివారు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కొన్ని వేల సార్లు చదివారు. అర్ధరాత్రి లేపి అడిగినా గడగడా ఒప్పజెప్పేస్తారు. అయినా సరే, చూసి చదవాల్సిందే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌కి కూడా మినహాయింపు లేదు.

అంత బాగా తెలిసినప్పుడు ఇంకా చదవడం ఎందుకు? ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ ప్రశ్న పైలట్లకన్నా ఎక్కువ అవసరం. ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ గురించి రాసుకునే నేను దీనికి జవాబు వెతుకుతూ ఒక మనిషి జీవితం దగ్గర ఆగాను. ఆయన విమానం నడపడం మొదలుపెట్టినప్పుడు చెక్‌లిస్టు అనే కాగితమే వాడుకలో లేదు. ఆయన విమానయానం నుంచి తప్పుకునే నాటికి ఆ కాగితం లేకుండా ఏ విమానమూ కదలని పరిస్థితి. ఆయనే జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరూ పిలిచే పేరు జేఆర్‌డీ.

డిగ్రీ లేని కుర్రాడు

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పార్సీ వ్యాపారి, జంషెట్‌జీ టాటాకు బంధువు. తల్లి సుజాన్ ఫ్రెంచ్ మహిళ. ఇంట్లో మాట్లాడే భాష ఫ్రెంచే. చదువు కొన్నాళ్లు ఫ్రాన్స్‌లో, కొన్నాళ్లు బొంబాయిలో, కొన్నాళ్లు జపాన్‌లో సాగింది. ఎక్కడా కుదురుగా సాగలేదనే చెప్పాలి.

ఫ్రాన్స్ ఉత్తర తీరంలో హార్డెలో అనే ఊళ్లో వాళ్ల కుటుంబం వేసవి సెలవులు గడిపేది. అక్కడే లూయీ బ్లెరియోకి కూడా ఇల్లుండేది. 1909లో విమానంలో ఇంగ్లిష్ చానల్‌ను మొదటిసారి దాటిన మనిషి ఆయన. ఆ తీరంలో విమానాలు దిగుతుంటే చూస్తూ పెరిగిన పిల్లాడికి పిచ్చి పట్టకుండా ఎలా ఉంటుంది? పదిహేనేళ్ల వయసులో అక్కడే మొదటిసారి విమానంలో ఒక రౌండ్ తిరిగి వచ్చారు. ఎప్పటికైనా పైలట్ కావాలనుకున్నారు.

కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్ చదవాలన్నది ఆయన కోరిక. అది తీరలేదు. తండ్రి పిలుపు మీద ఇండియా వచ్చి, 1925 చివర్లో టాటా కంపెనీలో జీతం లేని అప్రెంటిస్‌గా చేరారు. మరుసటి ఏడాదే తండ్రి చనిపోయారు. 22 ఏళ్లకే కుటుంబ బాధ్యత మీద పడింది. ఇక కాలేజీ మాట లేదు. డిగ్రీ లేదన్న వెలితి ఆయనకి జీవితాంతం ఉండిపోయింది. దాన్ని పూడ్చుకోవడానికి ఎంచుకున్న మార్గం కూర్చుని చదవడం, ప్రతి విషయాన్నీ వివరంగా తెలుసుకోవడం. ఒకటికి రెండుసార్లు చూసుకోవడం అనే ఆయన అలవాటుకు మూలం బహుశా ఇక్కడే ఉంది. తనకి అన్నీ తెలుసని ఎప్పుడూ అనుకోని మనిషికే ఆ అలవాటు వస్తుంది.

లైసెన్స్ నంబర్ 1

1929 నాటికి బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్ మొదలైంది. జేఆర్‌డీ ఆలస్యం చేయలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 10న ఆయన చేతికొచ్చిన పైలట్ లైసెన్స్ మీద ఉన్న అంకె 1. ఇండియాలో జారీ అయిన మొట్టమొదటి లైసెన్స్ అది.

అప్పటి విమానం ఎలా ఉండేదో ఊహించుకోండి. జిప్సీ మాత్ అంటే చెక్క చట్రం, దానిమీద గుడ్డ తొడుగు, ముందు ఒక ఇంజిన్. పైకప్పు లేని కాక్‌పిట్. ముందున్న మీటర్లను రెండు చేతుల వేళ్లతో లెక్కపెట్టేయొచ్చు. రేడియో లేదు. ఇంధనం తెరిచి ఉందా, ఆయిల్ ఎంత ఉంది, కంట్రోల్స్ స్వేచ్ఛగా కదులుతున్నాయా... చూసుకోవాల్సినవి కొన్నే. వాటిని పైలట్లు మొదటి అక్షరాలు కలిపి మంత్రంలా కంఠతా పట్టేవాళ్లు. మనం త్రికోణమితి సూత్రాలు గుర్తుపెట్టుకున్నట్టే.

అయితే ఒక్క పనికి మాత్రం ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే కింద నిలబడిన మనిషి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. స్విచ్ ఆన్‌లో ఉండగా పొరపాటున తిప్పితే చెయ్యి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకని కింది మనిషి స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయా అని గట్టిగా అడిగేవాడు. పైలట్ చూసి ఆఫ్ అని తిరిగి అరిచేవాడు. తిప్పడానికి సిద్ధమయ్యాక కాంటాక్ట్ అని ఒకరంటే, అదే మాట రెండోవారు అనేవారు. ఒకరు అడగడం, ఇంకొకరు చూసి జవాబివ్వడం అన్నమాట. ఈరోజు జెట్ విమానాల్లో వినిపించే చెక్‌లిస్టుకి ఇది తాత వరస అవుతుంది.

1930లో జరిగిన ఒక పోటీని ఆగాఖాన్ ప్రకటించారు. ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్ల బహుమతి. జేఆర్‌డీ కరాచీ నుంచి బయల్దేరారు. ఆస్పీ ఇంజినీర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు ఇంగ్లండ్ వైపు నుంచి వస్తున్నాడు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర అబూకీర్‌లో జేఆర్‌డీ దిగేసరికి ఆస్పీ అక్కడే చిక్కుకుని ఉన్నాడు. ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ కావాలి, తన దగ్గర స్పేర్ లేదు. జేఆర్‌డీ వెంట తెచ్చుకున్న స్పేర్ ఉంది. పోటీదారుడికే దాన్ని ఇచ్చేశారు. చివరికి ఆస్పీయే కొన్ని గంటల ముందు గమ్యం చేరి గెలిచాడు. ఆ కుర్రాడే తర్వాత రోజుల్లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

ఈ కథను అందరూ పెద్దమనసు గురించి చెబుతారు. నిజమే. కానీ ఇంకో కోణంలో కూడా చూడండి. ఇవ్వడానికి ఆయన దగ్గర స్పేర్ ప్లగ్ ఉంది. బయల్దేరే ముందే ఏమేం కావాలో ఆలోచించి సర్దుకున్న మనిషి దగ్గరే అది ఉంటుంది.

ఎద్దులబండి మీద పెట్రోలు

నెవిల్ విన్సెంట్ అనే మాజీ బ్రిటిష్ వైమానిక దళ పైలట్ తెచ్చిన ఆలోచనతో టాటాల విమాన సర్వీసు పుట్టింది. లండన్ నుంచి కరాచీ దాకా వచ్చే ఎయిర్‌మెయిల్‌ను అక్కడి నుంచి బొంబాయి, మద్రాసులకు మోసుకెళ్లాలి. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. పెద్దల్ని ఒప్పించడానికే చాలా కాలం పట్టింది.

1932 అక్టోబర్ 15. జేఆర్‌డీ కరాచీ డ్రిగ్ రోడ్ ఏరోడ్రోమ్ నుంచి పుస్ మాత్ విమానంలో ఒంటరిగా లేచారు. వెంట ఉన్నది సుమారు 25 కిలోల ఉత్తరాలు. మధ్యలో అహ్మదాబాద్‌లో దిగితే, విమానానికి పెట్రోలు ఎద్దులబండి మీద డబ్బాల్లో వచ్చింది. పోయించుకుని మళ్లీ ఎగిరి మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి ఉత్తరాల సంచుల్ని విన్సెంట్ అందుకున్నారు. ఆ రాత్రి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేరారు.

బళ్లారి అంటే మనకి దూరమేం కాదు. నంద్యాలలో రైలెక్కి గుంతకల్లు మీదుగా వెళ్లిపోవచ్చు. అప్పట్లో బళ్లారి, కర్నూలు, అనంతపురం అన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే. టాటాల మొదటి విమాన టపా మన రాయలసీమ పక్కగుమ్మం దగ్గర ఒక రాత్రి నిద్రచేసి వెళ్లిందన్నమాట.

దారి చూపే రేడియో లేదు, వాతావరణం చెప్పేవాళ్లు లేరు. జుహూలో ఉన్నది బురదనేల రన్‌వే. వానాకాలంలో అది నీళ్లలో మునిగిపోతే సర్వీసును పూనాకి మార్చుకునేవాళ్లు. అలాంటి పరిస్థితుల్లోనూ మొదటి ఏడాది 1,60,000 మైళ్లు ఎగిరారు, సమయపాలనకు ప్రభుత్వ విమానయాన శాఖ మెప్పు కూడా పొందారు. అదృష్టం ఒక రోజు కలిసొస్తుంది, ఏడాదంతా కలిసిరాదు. ప్రతి ఉదయం అవే పనులు, అదే వరసలో, అదే శ్రద్ధతో చేస్తేనే అది సాధ్యం.

గుర్తుపెట్టుకోలేనంత పెద్ద విమానం

ఇక్కడ కొంచెంసేపు జేఆర్‌డీని వదిలి అమెరికా వెళ్దాం. ఎందుకంటే చెక్‌లిస్టు పుట్టింది అక్కడే.

1935 అక్టోబర్ 30న ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త బాంబర్‌ను సైన్యం పరీక్షిస్తోంది. పేరు మోడల్ 299. నాలుగు ఇంజిన్లు. నడుపుతున్నది మేజర్ ప్లోయర్ హిల్, సైన్యంలో ఎంతో అనుభవమున్న టెస్ట్ పైలట్. విమానం లేచింది, ముక్కు మరీ నిటారుగా పైకెత్తింది, వేగం పోయి కూలిపోయింది. హిల్ చనిపోయాడు. బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్ టవర్ కూడా తర్వాత గాయాలతో చనిపోయాడు. విమానంలో లోపమేమీ లేదు. నేలమీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా వేసే తాళం ఒకటి ఉంటుంది. టేకాఫ్‌కి ముందు దాన్ని తీయడం మర్చిపోయారు.

ఒక్కరి బుర్ర మోయలేనంత విమానం ఇది అని అప్పట్లో కొందరు తేల్చేశారు. సైన్యం పైలట్లు మాత్రం వేరేలా ఆలోచించారు. హిల్ కంటే మంచి పైలట్‌ను తెస్తే సమస్య తీరదు, ఎందుకంటే అంతకంటే మంచివాడు దొరకడం కష్టం. కాబట్టి స్టార్ట్ చేసే ముందు, టేకాఫ్ ముందు, ల్యాండింగ్ ముందు, ఆపేశాక చూడాల్సినవి రాసిపెట్టారు. ఆ జాబితాతో అదే విమానం బీ-17 పేరుతో రెండో ప్రపంచ యుద్ధమంతా ఎగిరింది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటే. చెక్‌లిస్టు పని తెలియనివాళ్లకి నేర్పడానికి పుట్టలేదు. పని మరీ బాగా వచ్చినవాళ్ల కోసం పుట్టింది. కొత్తగా బండి నేర్చుకునేవాడు సైడ్‌స్టాండ్ తీశానా లేదా అని రెండుసార్లు చూసుకుంటాడు. పదేళ్లుగా నడిపేవాడే స్టాండ్ వేసుకుని వెళ్లిపోతాడు. చెయ్యి అలవాటుగా పని చేసుకుపోతుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. చేశాననే అనిపిస్తుంది, నిజానికి చేసి ఉండడు.

మళ్లీ జేఆర్‌డీ దగ్గరికి వద్దాం. 1938లో, 34 ఏళ్ల వయసులో ఆయన టాటా సన్స్ చైర్మన్ అయ్యారు. 1946 జులై 29న టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాగా మారింది. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వంతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ టాటాలు భాగస్వాములయ్యారు, బేగంపేట నుంచి ఆ విమానాలు నడిచేవి. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కి బయల్దేరింది. ఆ మొదటి ప్రయాణంలో జేఆర్‌డీ కూడా ఉన్నారు. ఒక ఇంజిన్ పుస్ మాత్ నుంచి నాలుగు ఇంజిన్ల కాన్‌స్టలేషన్‌కి పదహారేళ్లే పట్టింది. 1960లో బోయింగ్ 707 తెచ్చి ఆసియాలోనే మొదటగా ఆ జెట్లు నడిపిన ఎయిర్‌లైన్‌గా ఎయిర్ ఇండియా నిలిచింది. కంఠతా పట్టిన అక్షరాల మంత్రం ఇక సరిపోదు. కాక్‌పిట్‌లో కాగితం తప్పనిసరి అయింది.

కాక్‌పిట్‌లో అసలేం జరుగుతుంది?

ఇప్పటి పద్ధతి తెలుసుకుందాం. ఇద్దరు పైలట్లలో ఒకరు విమానం నడుపుతారు, రెండోవారు గమనిస్తూ సాయం చేస్తారు. ముందుగా ఇద్దరూ తమ తమ స్విచ్‌లను ఒక క్రమంలో, చెయ్యి ప్యానెల్ మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకి కదిలిస్తూ అమర్చుకుంటారు. దీన్ని ఫ్లో అంటారు. ఇది జ్ఞాపకం మీద చేసే పనే. అది పూర్తయ్యాక చెక్‌లిస్టు తీస్తారు. పని చేయడానికి కాదు, చేసిన పనిలో ప్రాణాంతకమైనవేవీ తప్పలేదని రూఢి చేసుకోవడానికి. అందుకే జాబితా పొట్టిగా ఉంటుంది. అన్నీ అందులో రాస్తే ఎవరూ శ్రద్ధగా చదవరు.

జవాబు చెప్పడంలోనూ ఒక నియమం ఉంది. చాలా అంశాలకి ఊరికే ఓకే అంటే చెల్లదు. రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ గురించి అడిగితే మీట వైపు, మీటర్ వైపు చూసి అక్కడున్న అంకె చెప్పాలి. నోరు అలవాటుగా అనేస్తే పట్టుబడాలని ఈ ఏర్పాటు. మధ్యలో కంట్రోల్ టవర్ పిలిచినా, కేబిన్ సిబ్బంది ఏదైనా అడిగినా జాబితాను ఆపుతున్నామని పైకి చెప్పి ఆపాలి. ఎక్కడ ఆపామో అనుమానం వస్తే మొదటి నుంచి మొదలుపెట్టాలి. చివర్లో చెక్‌లిస్టు పూర్తయిందని చెబితేనే పూర్తయినట్టు.

ఎయిర్‌బస్ లాంటి విమానాల్లో స్క్రీనే గుర్తు చేస్తుంది. టేకాఫ్, ల్యాండింగ్ ముందు చేయాల్సినవి నీలం రంగులో కనిపిస్తాయి, చేసేస్తే ఆకుపచ్చలోకి మారతాయి. టేకాఫ్‌కి తగ్గట్టు విమానం సిద్ధం కాకుండా ఇంజిన్ పవర్ పెంచితే హెచ్చరిక మోగుతుంది. చక్రాలు దించకుండా నేలకి దగ్గరైతే మనిషి గొంతుతో అరుస్తుంది. ఇంకా, 10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని కబుర్లు నిషేధం. ల్యాండింగ్‌కి ఒక నిర్ణీత ఎత్తు, సాధారణంగా 1,000 అడుగులు, వచ్చేసరికి విమానం స్థిరంగా లేకపోయినా, ల్యాండింగ్ చెక్‌లిస్టు పూర్తి కాకపోయినా దిగకూడదు. మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి రావాలి. అలా తిరిగి రావడాన్ని ఓటమిగా చూడరు, అది కూడా పద్ధతిలో భాగమే.

ఇంత ఏర్పాటు ఉన్నా తప్పులు జరిగాయి. 1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక విమానం ఫ్లాప్స్ దించకుండానే టేకాఫ్ చేసింది. నేలమీదే చేయాల్సిన టాక్సీ చెక్‌లిస్టును పైలట్లు చదవలేదని దర్యాప్తు తేల్చింది. మోగాల్సిన హెచ్చరికకి ఆరోజు కరెంటు అందలేదు. 156 మంది పోయారు. 2020 మే 22న కరాచీలో, అవును, 1932లో జేఆర్‌డీ లేచిన ఆ కరాచీలోనే, ఒక ఎయిర్‌బస్ విమానం చక్రాలు దిగకుండా రన్‌వేను తాకింది. హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. ఇంజిన్లు నేలకి రాసుకున్నాక మళ్లీ పైకి లేచింది కానీ, రెండు ఇంజిన్లూ ఆగిపోయి ఇళ్ల మధ్య కూలింది. పైలట్లు ఆ సమయంలో వేరే విషయం మాట్లాడుకుంటూ పద్ధతులు పాటించలేదని ప్రాథమిక నివేదిక చెప్పింది. డెట్రాయిట్‌లో యంత్రం పలకలేదు. కరాచీలో పలికింది, మనిషి వినలేదు. గుర్తు చేసే యంత్రం ఎంత తెలివైనదైనా వినే మనిషి కావాలి.

నల్లమల చెప్పే పాఠం

2009 సెప్టెంబర్ 2 గురించి మన జిల్లాలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి, ఆయనతో కలిపి ఐదుగురు చనిపోయారు. చెడు వాతావరణంలో, కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పిందని దర్యాప్తు కమిటీ తేల్చింది. అదే నివేదికలో ఇంకో విషయం ఉంది. చివరి నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌కి సంబంధించిన ఒక సమస్యకి పరిష్కారం వెతుకుతూ పైలట్లు అందులో మునిగిపోయారు.

దీనర్థం పుస్తకం తెరవడం తప్పని కాదు. ఒకరు పుస్తకం చూస్తున్నప్పుడు ఇంకొకరి కళ్లు బయట, మీటర్ల మీద ఉండి తీరాలి. ముందు విమానాన్ని ఎగరనివ్వు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాటలు అనేది పైలట్లకి మొదటి రోజు నేర్పే క్రమం. జాబితా పనికి తోడు. అదే పనైపోతే ప్రమాదం.

జేఆర్‌డీ జీవితంలో కూడా ఇలాంటి చీకటి రోజు ఉంది. 1978 జనవరి 1 రాత్రి, ఎంపరర్ అశోక అనే బోయింగ్ 747 బొంబాయి నుంచి దుబాయ్‌కి లేచిన కొద్దిసేపటికే బాంద్రా తీరం దగ్గర సముద్రంలో పడింది. 213 మంది చనిపోయారు. విమానం ఎటు వాలుతోందో చూపే కెప్టెన్ వైపు మీటర్ తప్పు చూపించింది. మిగతా మీటర్లతో పోల్చి సకాలంలో నిర్ధారించుకోవడం జరగలేదు. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జేఆర్‌డీని ఎయిర్ ఇండియా చైర్మన్ పదవి నుంచి తప్పించింది. 1953లో ఎయిర్ ఇండియాను జాతీయం చేశాక 25 ఏళ్లు జీతం తీసుకోకుండా ఆ కుర్చీలో పనిచేసిన మనిషికి ఆ వార్త ఇతరుల ద్వారా తెలిసింది.

చైర్మన్ చూసే చిన్న విషయాలు

ఆ 25 ఏళ్లలో ఆయన పద్ధతి ఎలా ఉండేదో ఎయిర్ ఇండియాలో పనిచేసినవాళ్లు కథలుగా చెప్పుకునేవారు. చైర్మన్ తమ విమానంలో ప్రయాణిస్తే విశ్రాంతి తీసుకోడు. సీటు వెనక్కి వాలుతోందా, కర్టెన్ ఎలా ఉంది, టాయిలెట్ శుభ్రంగా ఉందా, టీ రుచి టీలా ఉందా... అన్నీ చూసి, దిగాక సంబంధిత విభాగానికి వివరంగా నోట్ రాసి పంపేవారు. దుమ్ము కనిపిస్తే తానే తుడిచేవారు.

చైర్మన్ స్థాయి మనిషి టీ రంగు చూడటమేంటని మీకు అనిపించొచ్చు. కానీ పెద్ద సంస్థల్లో పెద్ద తప్పులు పెద్దవిగా పుట్టవు. ఎవరో ఒకరు చూసి ఉంటార్లే అని అందరూ అనుకున్న చోట పుడతాయి. టీ కప్పు దగ్గర ఆ మాట చెల్లదని తెలిసిన సంస్థలో, ఇంజిన్ దగ్గర కూడా చెల్లదు.

1982 అక్టోబర్ 15న, తొలి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన రోజు, ఆయన మళ్లీ కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా ఎగిరారు. లెపర్డ్ మాత్ అనే పాతకాలం చిన్న విమానం. వయసు 78. యువతరంలో పాత ఉత్సాహం రగిలించాలన్నది ఆయన ఉద్దేశం. ఆ వయసులో, అలాంటి విమానంలో సముద్రపు అంచు వెంబడి ఒంటరిగా రావాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న మళ్లీ టాటాల చేతికొచ్చింది.

మరి మీ సంగతి?

ఇదంతా చదివి పైలట్ అవ్వాలనిపిస్తే ఈ లెక్కలు తెలుసుకోండి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, క్లాస్ 1 మెడికల్ పాసవ్వాలి, డీజీసీఏ పరీక్షలతో పాటు 200 గంటలు ఎగరాలి. ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది, కాబట్టి ఇంట్లో అప్పు చేయించే ముందు మెడికల్ పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. అంత స్థోమత లేకపోతే విమానయానం తలుపు మూసుకుపోలేదు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ కోర్సు ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ, లేదా ఇంజినీరింగ్ చేసినవాళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకి రాయొచ్చు. ఫ్లయిట్ డిస్పాచర్ ఉద్యోగాలూ ఉన్నాయి. ఇవన్నీ జాబితాల మీద నడిచే ఉద్యోగాలే.

విమానం మీ దారి కాకపోయినా ఫర్వాలేదు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్ల ముందు ఒక పది నిమిషాలు నిలబడండి. తరాలుగా విగ్రహాలు చెక్కుతున్న చెయ్యి కూడా నేరుగా ఉలి పట్టదు. రాయి మీద ముందు కొలతల గీతలు గీస్తారు, తాళమానం ప్రకారం ముఖం ఎంత, మొండెం ఎంత అని సరిచూసుకుంటారు. కాసేపు చెక్కి మళ్లీ కొలుస్తారు. చేత కాక కొలవడం కాదు, పోయిన రాయి తిరిగి అతుక్కోదని తెలిసి కొలవడం. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ లైవ్‌లోకి పంపే ముందు టీమ్‌లు చేసేదీ ఇదే.

మీరు కూడా ఒక జాబితా రాసుకోండి. పొట్టిగా, ఐదారు అంశాలతో. పరీక్ష రోజుకి ఒకటి: హాల్ టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు, ఫొటో, సెంటర్‌కి దారి, రిపోర్టింగ్ టైమ్. అప్లికేషన్‌కి ఒకటి: పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందా, పుట్టిన తేదీ, కేటగిరీ, ఫీజు రసీదు, చివరి తేదీ. ఒక్క అక్షరం తేడా వల్ల సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఆగిపోయినవాళ్లు మీ స్నేహితుల్లోనే ఉంటారు, అడిగి చూడండి. సబ్మిట్ నొక్కే ముందు రూమ్‌మేట్‌ని పిలిచి జాబితా చదవమనండి. మీరు గుర్తున్నది చెప్పకుండా, స్క్రీన్ మీద ఉన్నది చూసి జవాబు చెప్పండి. మధ్యలో ఫోన్ మోగితే మొదటి నుంచి మొదలుపెట్టండి.

మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది, పక్కవాళ్లు నవ్వొచ్చు కూడా. ఇండియాలో నంబర్ 1 లైసెన్స్ ఉన్న మనిషి ఒకటికి రెండుసార్లు చూసుకోవడం చిన్నతనం అనుకోలేదు. రెండో సెమిస్టర్ బ్యాక్‌లాగ్ ఇంకా క్లియర్ చేయాల్సిన మనకి ఎందుకండీ మొహమాటం?